లార్డ్ అట్కిన్: పొరుగువాడికి చట్టంలో చోటు చూపిన న్యాయమూర్తి



ఈ ప్రత్యేక సంచికలో ఒక్కొక్కరం ఒక్కొక్క మహనీయుని జీవితం రాయాలని కార్యవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాను. సర్వీసులో కొంతకాలం డిప్యుటేషన్ మీద జిల్లా వినియోగదారుల ఫోరంలో పనిచేశాను. అక్కడ ప్లీడర్ల నోట తరచు వినిపించిన పేరు లార్డ్ అట్కిన్. ఎవరీయన అని కుతూహలం కలిగి దొరికినంత మేరకు చదివాను. ఆయన కాలం చేసి ఎనిమిది దశాబ్దాలు దాటింది. అయినా ఈనాడు మనం కొన్న సరుకులో లోపం ఉంటే, దుకాణందారునే గాక తయారు చేసినవాణ్ణి కూడా నిలదీయగలుగుతున్నామంటే, ఆ హక్కు వెనుక ఆయన 1932లో రాసిన తీర్పు ఉంది. అందుకే ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

బాల్యం, చదువు

జేమ్స్ రిచర్డ్ అట్కిన్ 1867 నవంబరు 28న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పట్టణంలో జన్మించారు. తండ్రి రాబర్ట్ ట్రావర్స్ అట్కిన్ ఐర్లండు దేశస్థుడు. తల్లి మేరీ ఎలిజబెత్‌ది వేల్స్. గొర్రెల పెంపకంతో స్థిరపడదామని దంపతులు 1864లో అంత దూరం వలస వెళ్ళారు. కానీ గుర్రం మీద నుంచి పడి దెబ్బతినడంతో తండ్రి ఆ పని మానుకుని పత్రికారంగంలోకి వచ్చారు. క్వీన్స్‌లాండ్ శాసనసభకు సభ్యుడుగా కూడా ఎన్నికయ్యారు. ఆరోగ్యం మాత్రం కుదుటపడలేదు. 1872లో, ముప్ఫై ఏళ్ళకే కన్నుమూశారు.

అప్పటికే తల్లి ముగ్గురు మగపిల్లలను తీసుకుని వేల్స్‌లోని పుట్టింటికి చేరింది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. ఆ అమ్మమ్మ ముక్కుసూటి మనిషి. డాంబికం, పటాటోపం ఆమెకు గిట్టవు. అట్కిన్‌కు జీవితాంతం ఉన్న నిరాడంబరత ఆమె పెంపకం నుంచి వచ్చినదేనని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. తండ్రి లేని పిల్లవాడు, పెద్ద ఆస్తి లేని కుటుంబం. బ్రెకన్‌లోని క్రైస్ట్ కాలేజీలోనూ, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లోని మాగ్డలెన్ కాలేజీలోనూ చదువుకుని, 1891లో గ్రేస్ ఇన్ ద్వారా బారిస్టరయ్యారు.

బారిస్టరు పట్టా వచ్చినంత మాత్రాన కేసులు రావు గదా! ఏ సీనియర్ దగ్గర చేరితే పని బాగా వస్తుందో తెలుసుకోవడానికి అట్కిన్ కోర్టు హాళ్ళలో కూర్చుని వాదనలు విన్నారు. చివరకు వర్తక చట్టంలో దిట్ట అయిన థామస్ స్క్రటన్ దగ్గర చేరారు. స్క్రటన్ గారు కూడా తరువాత కాలంలో పేరుమోసిన న్యాయమూర్తి అయ్యారు. మొదటి కొన్నేళ్ళు అట్కిన్ చేతిలో పని అంతంత మాత్రమే. 1893లో లూసీ హెమ్మంట్‌ను వివాహమాడారు. విచిత్రమేమంటే ఆమె కూడా బ్రిస్బేన్‌లోనే, ఆయన ఇంటికి కూతవేటు దూరంలో, ఆయన పుట్టిన కొద్దిరోజుల తేడాలోనే పుట్టింది. ఇరువురి తండ్రులూ స్నేహితులు. దంపతులకు ఆరుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. పెద్దకొడుకు మొదటి ప్రపంచయుద్ధంలో మరణించాడు.

క్రమంగా వర్తకుల కేసులు, బ్యాంకుల కేసులు, ఓడల కేసులు ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. 1906లో కింగ్స్ కౌన్సెల్ హోదా, 1913లో హైకోర్టు న్యాయమూర్తి పదవి, 1919లో అప్పీలు కోర్టు స్థానం లభించాయి. 1928లో ఇంగ్లండులో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభకు న్యాయమూర్తిగా వెళ్ళి, వేల్స్ తీరాన తాము నివసించే అబర్‌డోవీ గ్రామం పేరును తన బిరుదులో చేర్చుకున్నారు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

ఆయన చేసిన మేలు అర్థం కావాలంటే అంతకు ముందు పరిస్థితి ఏమిటో కొంచెం చెప్పాలి.

ఒక ఉదాహరణ చూడండి. మీ అల్లుడు దుకాణంలో డబ్బిచ్చి సోడా కొన్నాడు. అది మీరు తాగారు. అందులో ఏదో పడి ఉండి మీకు జబ్బు చేసింది. దుకాణందారు మీద దావా వేద్దామంటే, అతనితో బేరం ఆడింది మీ అల్లుడు గాని మీరు కాదు. సోడా ఫ్యాక్టరీవాడి మీద వేద్దామంటే, వాడికీ మీకూ అసలు ఏ ఒడంబడికా లేదు. డబ్బిచ్చిన అల్లుడికి జబ్బు చేయలేదు. జబ్బు చేసిన మీరు డబ్బివ్వలేదు. ఇక అడిగేదెవరు?

ఇది హాస్యానికి కల్పించినది కాదు. ఇంగ్లండులో 1842లో వింటర్‌బాటమ్ అనే తపాలా బండి తోలేవాడికి, బండి విరిగిపడి కాలు దెబ్బతింది. బండిని సరఫరా చేసి మంచి స్థితిలో ఉంచుతానని తపాలా శాఖాధిపతికి ఒప్పుకున్న వ్యక్తి మీద అతడు దావా వేశాడు. ఒప్పందం శాఖతోనే గాని నీతో కాదు పొమ్మని కోర్టు కొట్టివేసింది. ఇటువంటివి ఒప్పుకుంటే దావాలకు అంతే ఉండదని న్యాయమూర్తులు భయపడ్డారు. తుపాకి, విషం వంటి స్వతహాగా ప్రమాదకరమైన వస్తువుల విషయంలోనూ, తెలిసి మోసం చేసిన విషయంలోనూ మాత్రం కొన్ని మినహాయింపులుండేవి. కిరాణా సరుకులకు, పానీయాలకు ఆ మినహాయింపులు వర్తించేవి కావు.

అట్కిన్ మనసు ఎటు మొగ్గుతుందో 1925 నాటి ఒక కేసులోనే కనబడింది. ఇంజను ఆపకుండా, మనిషి లేకుండా ఎత్తు మీద వదిలిన లారీ ఒకటి వీధి వెంట దొర్లుకుంటూ వచ్చింది. ఒక తల్లి అప్పుడే పిల్లలను ఆ మలుపు దాకా సాగనంపి నిలబడి ఉంది. పిల్లలకు ఏమైందోనన్న భయంతో ఆమె జబ్బుపడి, తరువాత మరణించింది. ఆమెకు లారీ తగలలేదు. ఆమె భయపడింది తన కోసం కాదు, పిల్లల కోసం. అటువంటి భయానికి పరిహారం లేదన్నారు లారీ తరఫు వారు. అప్పీలు కోర్టులో అట్కిన్, మరొక న్యాయమూర్తి కలిసి మెజారిటీగా ఆ వాదన తోసిపుచ్చారు. వీధిలో బండి వదిలేవాడు, ఆ వీధిలో తల్లులుంటారని తలచుకోవలసిందేనన్నమాట.

పెయిస్లీ సీసా

1928 ఆగస్టు 26, ఆదివారం. స్కాట్లండులో గ్లాస్గో నగరానికి చెందిన మే డొనహ్యూ అనే ముప్ఫై ఏళ్ళ స్త్రీ ట్రాములో పక్కనున్న పెయిస్లీ పట్టణానికి వెళ్ళింది. ఆమె దుకాణంలో పనిచేసుకుని బతికే బీదరాలు. సంసారం చెడిపోయి, ఒక్క కొడుకుతో ఉంటోంది. వెల్‌మెడో అనే చోట కాఫీ హోటలులో ఆమె స్నేహితురాలు ఆమె కోసం ఐస్‌క్రీము, జింజర్ బీరు తెప్పించింది. జింజర్ బీరు అంటే మత్తు పదార్థం కాదు, అల్లంతో చేసే గ్యాసు పానీయం, మన సోడా వంటిది. సీసా ముదురు రంగుది, లోపల ఏముందో కనబడదు. సగం పోసుకుని తాగింది. మిగతా సగం గ్లాసులోకి వంపేసరికి కుళ్ళిన నత్త జారిపడిందని ఆమె కథనం. కడుపునొప్పి, వాంతులు, భయం. డాక్టరు దగ్గరికి, తరువాత ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది.

డబ్బిచ్చింది స్నేహితురాలు. హోటలువాడు మూతవేసిన సీసాను తెరిచాడే గాని లోపల చూసే వీలు అతనికి లేదు. మిగిలింది సీసా మీద పేరున్న తయారీదారు స్టీవెన్సన్. ఆమె న్యాయవాది వాల్టర్ లీచ్‌మన్ ధైర్యం ఇక్కడ చెప్పుకోవాలి. ఇటువంటి జింజర్ బీరు సీసాలోనే చచ్చిన ఎలుక వచ్చిన కేసును ఆయన అప్పటికే నడిపారు. 1929 మార్చిలో ఎడింబరో అప్పీలు కోర్టులో ఆ కేసు ఓడిపోయింది. మూడు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 9న, అదే వాదనతో మే డొనహ్యూ తరఫున 500 పౌండ్ల పరిహారానికి కొత్త దావా వేశారు! మొదటి జడ్జి ఆమె వైపు మొగ్గారు. అప్పీలులో, ఎలుక కేసు కొట్టేసిన ఆ బెంచివారే ఈ కేసునూ కొట్టేశారు.

మిగిలింది లండన్‌లోని ప్రభువుల సభ. అక్కడ ఓడిపోతే ఎదుటివారి ఖర్చులు కూడా భరించాలి. అందుకని ఆమె పాపర్ దావాకు అనుమతి అడిగింది. ఒంటి మీది బట్టలు, ఈ వ్యాజ్యం తప్ప తనకు అయిదు పౌండ్ల విలువైన ఆస్తి కూడా లేదని ప్రమాణపత్రం దాఖలు చేసింది. దానికి తోడు చర్చి పాస్టరు, పెద్దలు ఆమె బీదరికాన్ని ధ్రువీకరించారు. మన తహశీలు కచేరీల్లో ఆదాయ ధ్రువపత్రాలు రాసిచ్చిన మిత్రులకు ఆ కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు. అది లేకపోతే ఈ కేసే లేదు. ఆమె తరఫు న్యాయవాదులు ఫీజు తీసుకోకుండా వాదించారు.

పొరుగువాడు ఎవరు?

1931 డిసెంబరు 10, 11 తేదీలలో అయిదుగురు న్యాయమూర్తులు వాదనలు విన్నారు. తీర్పుకు అయిదు నెలలకు పైగా పట్టింది. అట్కిన్ మనసులో ఈ ప్రశ్న అంతకు ముందే ఉంది. వాదనలకు కొద్ది వారాల ముందు లండన్ కింగ్స్ కాలేజీలో చేసిన ఉపన్యాసంలోనే, పొరుగువాడికి హాని చేయకూడదన్న నీతికి చట్టంలో స్థానముందని ఆయన ప్రస్తావించారు. అబర్‌డోవీలో ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నపుడు, పొరుగువాడంటే ఎవరర్రా అని ఇంట్లోవాళ్ళను అడిగేవారని కుటుంబీకులు తరువాత గుర్తుచేసుకున్నారు.

1932 మే 26న తీర్పు వెలువడింది. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. అట్కిన్, థాంకర్టన్, మాక్మిలన్ ప్రభువులు మే డొనహ్యూ పక్షం. బక్‌మాస్టర్, టామ్లిన్ ప్రభువులు వ్యతిరేకం. పాత తీర్పులలో ఇందుకు ఆధారం లేదనీ, ఒకసారి తలుపు తెరిస్తే దావాలు ఎక్కడ ఆగుతాయో తెలియదనీ ఆ ఇద్దరి అభ్యంతరం. ఒక్క ఓటు అటు మారితే కథ వేరుగా ఉండేది.

అట్కిన్ రాసిన దానిని నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. పొరుగువాణ్ణి ప్రేమించమని మతం చెబుతుంది. చట్టం అంత దూరం పోలేదు. పొరుగువాడికి హాని చేయకు అని మాత్రం చెప్పగలదు. అయితే ఆ పొరుగువాడెవరు? పక్కింటివాడు, బంధువు, బేరం చేసినవాడు మాత్రమే కాదు. నేను ఒక పని చేసేటపుడు, నా అజాగ్రత్త వల్ల ఎవరు నేరుగా దెబ్బతింటారో, పని చేసే వేళ ఎవరిని మనసులో పెట్టుకోవలసి ఉంటుందో, వాళ్ళంతా నా పొరుగువాళ్ళే. కనుక మధ్యలో ఎవరూ విప్పి చూడటానికి వీల్లేకుండా మూతవేసి సరుకు పంపే తయారీదారు, చివరకు దానిని వాడే మనిషి పట్ల జాగ్రత్త వహించి తీరాలి. ఆ మనిషి ముఖం ఎన్నడూ చూడకపోయినా సరే.

1916లో అమెరికాలో కార్డోజో అనే న్యాయమూర్తి చెక్క చక్రం విరిగిన మోటారు కారు కేసులో ఇదే దారిలో నడిచారు. అట్కిన్ ఆ తీర్పును మెచ్చుకుంటూ ప్రస్తావించారు.

ఆ సీసాలో నత్త నిజంగా ఉందా లేదా అన్నది నేటికీ రుజువు కాలేదు. ప్రభువుల సభ నిర్ణయించింది చట్టం మాటే. సాక్ష్యం విచారణ కింది కోర్టులో జరగాలి. ఈలోగా స్టీవెన్సన్ 1932లోనే చనిపోయాడు. వ్యవహారం 1934లో రాజీతో ముగిసింది. మే డొనహ్యూ 1958లో కన్నుమూసింది. అప్పటికి ఆమె కేసు దేశదేశాల న్యాయ కళాశాలల్లో పాఠమైపోయింది.

మన ప్రాంతంతో ఒక సంబంధం

స్వాతంత్ర్యానికి ముందు మన అప్పీళ్ళకు చివరి గడప లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్. అట్కిన్ అక్కడా కూర్చునేవారు. 1939 జనవరిలో ఆయన వెలువరించిన పాకాల నారాయణస్వామి కేసు తీర్పు మన తెలుగువారిదే. పిఠాపురం దివాను కొలువులో నౌకరుగా ఉన్న ఒకతను, రావలసిన బాకీ కోసం బరంపురం వెళుతున్నానని భార్యకు చెప్పి బయలుదేరాడు. రెండు రోజులకు పూరీ స్టేషనులో రైలు పెట్టెలోని ఇనుప ట్రంకులో అతని శవం దొరికింది. అతడు భార్యతో చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుందనీ, దర్యాప్తులో పోలీసులకు ముద్దాయి చెప్పిన మాట మాత్రం చెల్లదనీ అట్కిన్ నిర్ణయించారు. మిగతా సాక్ష్యం చాలునని శిక్షను ఖాయం చేశారు. మన ప్రాంతంలో బి.ఎల్. చదివిన వారెవరినడిగినా ఈ కేసు చెబుతారు.

ఒంటరి గొంతు

రెండో ప్రపంచయుద్ధం రోజులు. అనుమానం ఉన్నవారిని విచారణ లేకుండా నిర్బంధించే అధికారం బ్రిటిష్ హోం మంత్రికి ఇచ్చారు. సహేతుకమైన కారణం ఉంటేనే నిర్బంధించాలని నిబంధన. లివర్సిడ్జ్ అనే వ్యక్తి ఆ కారణమేమిటో చెప్పమని అడిగాడు. 1941 నవంబరులో ప్రభువుల సభలో నలుగురు న్యాయమూర్తులు, కారణం ఉందని మంత్రి అనుకుంటే చాలునన్నారు. అట్కిన్ ఒక్కరే కాదన్నారు. కారణం ఉండటం వేరు, ఉందనుకోవడం వేరు అన్నది ఆయన వాదన. యుద్ధం వచ్చినంత మాత్రాన మాటల అర్థం మారదని, సాటి న్యాయమూర్తులకు గుచ్చుకునేలా రాశారు. తీర్పు చదవక ముందే ఒక ఘాటైన పోలికను తీసేయమని లార్డ్ చాన్సలర్ ఉత్తరం రాశారు. అట్కిన్ వినలేదు. తీర్పు తరువాత సాటి న్యాయమూర్తి ఒకరు పత్రికకెక్కారు. కొందరు ఆయనతో పలకడం కూడా మానేశారంటారు. అప్పటికాయనకు డెబ్బై నాలుగో ఏడు నడుస్తోంది. ఆ వయసులో సాటివారి పలకరింపు లేకపోవడం ఎంత బాధో మనకు తెలుసు. దాదాపు నలభై ఏళ్ళ తరువాత అదే ప్రభువుల సభ, ఆ నలుగురూ పొరబడ్డారనీ అట్కిన్‌దే సరైన మాట అనీ ఒప్పుకుంది. మన దేశంలో ఎమర్జెన్సీ నాటి 1976 కేసులో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా కూడా ఇలాగే ఒంటరిగా నిలిచారు. ఆనాటి మెజారిటీ తీర్పును మన సుప్రీంకోర్టు 2017లో తోసిపుచ్చింది.

అట్కిన్ ఆ మార్పు చూడలేదు. 1944 జూన్ 25న అబర్‌డోవీలోనే కన్నుమూశారు.

మనకు దక్కినది

పెయిస్లీ కేసు ఇచ్చిన హక్కుకు ఒక పరిమితి ఉంది. తయారీదారు అజాగ్రత్తగా ఉన్నాడని వినియోగదారుడే రుజువు చేయాలి. ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో బయటివాడు ఎలా చూపగలడు? అందుకే బ్రిటన్ 1987లో, అజాగ్రత్త రుజువుతో పని లేకుండా లోపమున్న వస్తువుకు తయారీదారును బాధ్యుణ్ణి చేస్తూ చట్టం తెచ్చింది.

మన దేశంలో 1986 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దానికి డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది గనుక ఆ రోజునే జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాం. నేను ఫోరంలో ఉండగా ఒక వృద్ధురాలు వెట్ గ్రైండరు షాకు కొట్టిందని ఫిర్యాదు వేసింది. బిల్లు వేరే ఊళ్ళో ఉన్న కొడుకు పేరున ఉంది. ఆమె కొనుగోలుదారు కాదు కనుక ఫిర్యాదు చెల్లదని కంపెనీ ప్లీడరు లేచాడు. ప్రెసిడెంటుగారు చట్టం తెరిచి, కొన్నవాడి సమ్మతితో వాడుకునేవారు కూడా వినియోగదారులేనన్న నిర్వచనం చదివి వినిపించారు. అభ్యంతరం అక్కడితో వీగిపోయింది. స్నేహితురాలు కొనిపెట్టిన సీసా తాగిన మే డొనహ్యూ ఆ రోజు నాకు గుర్తుకొచ్చింది. ఆమె నాలుగేళ్ళు కొట్లాడి సాధించినది, మన చట్టంలో ఒక్క వాక్యమై కూర్చుంది.

సేవల విషయంలోనూ దారి పడింది. ఇళ్ళ స్థలాలు, ఇళ్ళు ఇచ్చే ప్రభుత్వ సంస్థలు కూడా జవాబుదారీ అని 1993లోనూ, ఫీజు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని 1995లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 చట్టంలో వస్తు బాధ్యత అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తయారీలో లోపం, నమూనాలో లోపం, నిర్దేశించిన ప్రమాణాలను తప్పడం, ఇచ్చిన హామీకి భిన్నంగా ఉండటం, వాడకం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం, ఈ అయిదింటిలో ఏది ఉన్నా తయారీదారు బాధ్యుడే.

సభ్యులకు నాలుగు మాటలు మనవి చేస్తాను. రశీదు, వారంటీ కార్డు పారేయవద్దు. పాడైన వస్తువును సరిచేయించే ముందు ఫోటో తీయించండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. ప్లీడరును పెట్టుకోకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అయితే మన పింఛను, గ్రాట్యుటీ వంటి సర్వీసు వ్యవహారాలు మాత్రం అక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. ఆ ఆశతో వెళ్ళి కాలం పోగొట్టుకోవద్దు.

అట్కిన్ గారు న్యాయమూర్తి గనుక పొరుగువాడి మాటను తయారీదారులకు చెప్పారు. నలభై ఏళ్ళు కౌంటరు ఇవతల కూర్చున్న మనకు కూడా ఆ మాట వర్తించేదే. మనం సంతకం పెట్టిన కాగితం ఏ ఊళ్ళో ఏ ఇంటి గడప తొక్కుతుందో మనం చూడలేదు. ఆ ఇంటివాళ్ళు కూడా మనకు పొరుగువాళ్ళే. ఇప్పుడు సీట్లలో ఉన్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.